సబ్బునీళ్ళ పాఠం

జూన్ 12

మావయ్య గారికి,

టైలర్ గారి అబ్బాయిని చంపింది మీరు. పోలీసు కాగితంలో తడి రోడ్డు అని రాశారు, అతివేగం అని రాశారు, డ్రైవరు వయసు పంతొమ్మిది అని రాశారు. మీ పేరు ఎక్కడా రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

ఫోను చెయ్యొచ్చు కదా అంటారేమో. చేస్తే నేను అరుస్తాను, మీరు "సరేలేమ్మా, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేస్తారు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేరు. ఇంకో సంగతి. మాటలొచ్చినప్పటి నుంచీ మిమ్మల్ని నువ్వు అనే పిలిచాను. ఇప్పుడు మీరు అంటున్నాను. మర్యాద అనుకోకండి. నువ్వు అనేది మనవాళ్ళని.

జరిగింది అమ్మ చెప్పే ఉంటుంది. ఏడుస్తూ చెప్పింది కాబట్టి మీకు సగమే అర్థమై ఉంటుంది. మొత్తం వినండి. మే ముప్పయ్యో తారీకు సాయంత్రం నాలుగున్నర. ఈ ఏడాది మొదటి వాన. చిన్నోడు, వాడి ముగ్గురు స్నేహితులు మన కారులో కాలేజీ నుంచి వస్తున్నారు. నడిపేది చిన్నోడే. గోదాముల పక్క మలుపులో కారు జారింది, గిర్రున తిరిగింది, కరెంటు స్తంభానికి కొట్టుకుంది. వెనక సీట్లో ఎడమ పక్కనున్నవాడు అక్కడికక్కడే పోయాడు. టైలర్ గారికి ఒక్కగానొక్క కొడుకు. ఎప్పుడూ జాగ్రత్తలు చెబుతాడని తోటివాళ్ళు వాణ్ణి పంతులు అని ఏడిపించేవాళ్ళు. మిగతా ఇద్దరికీ కుట్లు పడ్డాయి. మన చిన్నోడికి తొడ ఎముక విరిగింది. ఇవాళ్టికి పదమూడు రోజులు, వాడు ఒక్క మాట మాట్లాడలేదు. దాహమేస్తే గ్లాసు వైపు చూస్తాడు. అంతే.

సెలవుల్లో మీ డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుందామని వచ్చినప్పుడు వాడు స్కూటరు నడపడానికే వణికేవాడు. మీరేం చేశారు? యార్డులో సిమెంటు నేల మీద సబ్బునీళ్ళు పోయించారు. కారుని కావాలని జారించడం, జారాక స్టీరింగు తిప్పి మళ్ళీ దారికి తేవడం నేర్పారు. ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? "అక్కా, జారుడంటే ఇంక నాకు భయం లేదు." పిల్లాడికున్న ఒక్క రక్షణ ఆ భయం. దాన్ని కడిగి పారేశారు, సబ్బుతో!

ఇప్పుడు వాడు పడుకున్న మంచానికి ఎదురుగా గోడ మీద మీరిచ్చిన సర్టిఫికెట్టు వేలాడుతోంది. "ఈ చెయ్యి ఏ వానకీ జారదు." చుట్టూ బంగారు రంగు అంచు. పొద్దస్తమానం వాడు దాన్నే చూస్తుంటాడు. తీసెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకునేదాన్ని, నా చదువంతా కరపత్రాలే అని మీరే వెక్కిరించేవాళ్ళు. ఆ కరపత్రాలే నేర్పాయి, తప్పు చేసినవాడి పేరు పైకి చెప్పందే ఏ న్యాయమూ మొదలవదని. చెప్పాను. ఇక మా గడప తొక్కకండి. అమ్మ పిలిచినా సరే.

ఒకప్పటి మీ మేనకోడలు


జూన్ 17

మిరపకాయ్,

నీ ఉత్తరం యార్డులో నిలబడి చదివాను. కారులో ఒక కుర్రాడు క్లచ్ తొక్కిపట్టుకుని నాకోసం చూస్తున్నాడు. రెండోసారి చదివాను. వాణ్ణి దిగి ఇంటికి వెళ్ళిపొమ్మన్నాను. ఏం తప్పు చేశానోనని పాపం మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు.

నేను సమాధానం చెప్పుకోవడానికి రాయడం లేదు. ఒక్కటి మాత్రం నీకు తెలియాలి. పదేళ్ళ కిందట ఒక నర్సు నా దగ్గర నేర్చుకుంది. మంచి పిల్ల. వానలో కారు జారగానే భయపడి బ్రేకు మీద నిలబడింది. అలా తొక్కకూడదని నేను నోటితో చెప్పానే గాని చేయించి చూపలేదు. ఆవిడ చనిపోయిన నెలకి యార్డు సగం సిమెంటు చేయించాను. అప్పటి నుంచే సబ్బునీళ్ళు. జారాక ఏం చెయ్యాలో నేర్పాను. జారేదాకా తోలమని నేర్పలేదమ్మా.

చిన్నోడు మొదటిరోజు మూడుసార్లు కారు ఆపి దిగిపోయాడు. "మావయ్యా, నావల్ల కాదు, నేను బస్సుల్లో బతుకుతాను" అన్నాడు. ఆఖరిరోజు కారు జారుతుంటే నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను ఇంటికి పాట పాడుకుంటూ వెళ్ళాను. ఇప్పుడు అన్నం ముందు కూర్చుంటే ఆ నవ్వే గుర్తొస్తోంది.

సర్టిఫికెట్టు మీద మాట గురించి మాత్రం నేనేమీ అనను.

ఇందులో ఇంకో కవరు పెట్టాను. అది చిన్నోడికి. అంటించాను, నువ్వు చదవకు. వాడు జవాబు రాయక్కర్లేదు. చదివాను అన్నట్టు ఒక కాగితం మీద ఒక్క గీత గీసి పంపమను. నాకంతే చాలు.

గడప తొక్కొద్దన్నావు. తొక్కను. అక్కకి ఏదో ఒక వంక చెప్పి తిట్లు తింటాను.

మావయ్య


జూన్ 24

మావయ్య గారికి,

కవరు అందింది.

అమ్మ మిమ్మల్ని రోజుకో పూట తిడుతోంది. "తోడబుట్టినవాడు, మంచాన పడ్డ పిల్లాణ్ణి చూడ్డానికి తీరికలేని కలెక్టరయ్యాడు" అంటోంది. నేను నోరు విప్పలేదు.

మీరు నర్సు కథ రాశారు. చదివాను, బాధపడ్డాను, కరగలేదు. మీరు ఒక ప్రాణం కోసం మొదలుపెట్టారు, ఇంకో ప్రాణం దగ్గర తేలారు. నేను కూర్చుని ఏడ్చే రకం కాదు. మీరు పోగొట్టిన భయాన్ని ఈ ఊరి కుర్రాళ్ళలో మళ్ళీ నేను నాటుతాను.

మొన్న పోలీసు స్టేషను వెనక పడేసిన మన కారు దగ్గరికి వెళ్ళాను. ఎడమ వైపు తలుపు లోపలికి నొక్కుకుపోయి కుడి సీటుని ముట్టుకుంటోంది. ఫొటో తీశాను. పోస్టరు వేశాను. పైన ఎర్ర అక్షరాల్లో: "చూడు! ఇదే నీ గతి! ఈ రోజు వాడు! రేపు నువ్వు!" మిగిలిన కాగితం వాడుకోమని మా ఓనరు ఒప్పుకున్నాడు గాని, "ఆశ్చర్యార్థకాలకే ఎర్ర ఇంకు అయిపోయేలా ఉందమ్మా, ఒకటో రెండో తగ్గించు" అని గొణిగాడు. తగ్గించలేదు. రోడ్డు భద్రత కరపత్రాలు ఇరవై రకాలు చదివాను. అన్నిట్లోనూ పుర్రె బొమ్మ ఉంది. ఊరికే పెడతారా?

రేపు ఉదయం కాలేజీ గోడ నిండా అంటిస్తున్నాను. గేటు నుంచి క్యాంటీను దాకా. ఒక్క కుర్రాడి కాలైనా యాక్సిలరేటరు మీద వణికితే పంతులు ఊరికే పోలేదని అనుకుంటాను.

చిన్నోడు అలాగే ఉన్నాడు.

మేనకోడలు


జూలై 1

మిరపకాయ్,

పోస్టర్లు అంటించకు. అంటించేసి ఉంటే తీసెయ్. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

పక్క వీధిలో ఉపాధ్యాయుల కాలేజీ ఉంది చూడు, అందులో మనస్తత్వ శాస్త్రం చెప్పే మేడమ్ ఒకావిడ ఉంది. కుర్రవాళ్ళ డ్రైవింగు మీద ఏదో రాస్తోందట, పోయిన ఏడాది రెండుసార్లు వచ్చి సబ్బునీళ్ళ పాఠం చూడనిమ్మంది. నాకు తీరిక లేదని పంపేశాను. మొన్న నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. నీ ఉత్తరం చూపించాను.

మా పద్ధతి నీకు తెలుసు. సబ్బునీళ్ళ పాఠం అయ్యాక ఒక్కొక్కరికీ చీటీ ఇస్తాను. "నీ తోటివాళ్ళతో పోలిస్తే నువ్వెలా నడుపుతావు? బాగా, మామూలుగా, తక్కువగా." టిక్కు పెట్టి బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. వాళ్ళకి ధైర్యం వచ్చిందా లేదా అని తెలుసుకోవడానికి మొదలెట్టాను. తర్వాత ఎప్పుడూ తీసి చూడలేదు. ఆవిడ డబ్బా బల్ల మీద బోర్లించింది. మూడు కుప్పలు వేసింది. "బాగా" కుప్ప బల్ల మీద పట్టక కింద పడింది. "మామూలుగా" పదకొండు. "తక్కువగా" ఒక్కటీ లేదు. "అందరూ మిగతా అందరికంటే ఎలా బాగుంటారు సార్?" అని అడిగింది.

చిన్నోడి చీటీ కూడా దొరికింది. "బాగా" దగ్గర రెండు టిక్కులు పెట్టాడు.

ఆవిడ పోయిన ఏడాదే గేటు బయట నిలబడి ఇంకో పని చేసిందట. మలుపు ముందు సుద్దతో గీత గీసి, మా పిల్లలు ఆ గీత దాటే వేగం రాసుకుంది. పాఠానికి ముందు వారం, తర్వాతి వారం. తర్వాతి వారం అందరూ ఎక్కువ వేగంతో దాటారు. "మీరు జారితే సర్దుకోవడం నేర్పారు. వాళ్ళు మాత్రం 'నేను జారను' అని నేర్చుకున్నారు" అంది. మెత్తగానే అంది. నువ్వు తిట్టినదానికంటే గట్టిగా తగిలింది.

ఇక పోస్టర్ల సంగతి. చావు బొమ్మ చూపిస్తే ఈ వయసువాడు "అది చేతకానివాడికి, నాక్కాదు" అనుకుంటాడట. వీళ్ళు భయపడేది చావుకి కాదు, పక్కవాడు నవ్వుతాడని.

కాబట్టి నీ మొదటి ఉత్తరంలో మాట నిజమేనేమో. యార్డుకి తాళం వేశాను. ఇంక నేను ఎవరికీ నేర్పను.

చిన్నోడు గీత గీశాడా?

మావయ్య


జూలై 8

మావయ్య గారికి,

మీ ఉత్తరం నాలుగు రోజులు ఆలస్యంగా అందింది. వారం కిందట అందినా వినేదాన్ని కాదు.

మొదటిరోజు పోస్టర్ల ముందు గుంపు. నేను రోడ్డుకి అవతల నిలబడి పొంగిపోయాను. రెండోరోజు ఒకడు ఆ పోస్టరు పక్కన బొటనవేలు ఎత్తి ఫొటో దిగాడు. మూడోరోజు కింద ఎవరో పెన్నుతో రాశారు, "మా బండి ఇంతకంటే స్పీడు." నాలుగోరోజు సాయంత్రం వాన పడుతుంటే మూడు కార్లు గోదాముల మలుపులో పందెం వేశాయి. స్తంభానికి ఎంత దగ్గరగా జారి బయటపడితే అంత మొనగాడట. నా ఎర్ర అక్షరాలు వాళ్ళకి మైదానం చూపించాయి.

ఐదోరోజు ఉదయం ప్రెస్సుకి వెళ్తుంటే కాలేజీ గోడ దగ్గర టైలర్ గారు కనిపించారు. బకెట్లో నీళ్ళు, చేతిలో గుడ్డలు కత్తిరించాక దారాలు గీకే బ్లేడు. గేటు వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పోస్టరూ తడిపి, అంచు నుంచి గీకి తీస్తున్నారు. చినగకుండా తీస్తున్నారు. తీసినవి మడతపెట్టి పక్కన పేరుస్తున్నారు. నేను దగ్గరికెళ్ళి నిలబడ్డాను. కోపంగా చూస్తారనుకున్నాను. చూడలేదు.

"నువ్వేనామ్మా వేసింది?" అన్నారు.

"ఇంకెవరికీ అలా జరక్కూడదని అండీ..."

"అందులో మా వాడు ఉన్నాడు కదమ్మా. రోజూ ఈ దారిలోనే షాపుకెళ్ళాలి నేను."

బ్లేడు ఇంకొకటి ఉందా అని అడిగాను. లేదన్నారు. గోళ్ళతో గీకాను. క్యాంటీను దాకా గీకాం ఇద్దరం. ఆయన ఒక్కసారీ నా మొహం చూడలేదు.

అయినా ఇది చిన్న సంగతి. ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు చిన్నోడు బండి కిటికీలోంచి ఆ పోస్టరు చూశాడు. ఇంటికొచ్చి గోడకి తిరిగి పడుకున్నాడు. మూడు రోజులు. ఇప్పటికీ ముద్ద నోట్లో పెడితే పక్కకి కారిపోతోంది. అమ్మ వాడి కాళ్ళు పట్టుకుంది మావయ్య గారూ, కన్నతల్లి కొడుకు కాళ్ళు పట్టుకుని "రెండు చెంచాలు మింగరా" అని. డాక్టరు ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలంటున్నాడు. వాడు చచ్చిపోదామని పడుకున్నాడని నాకు తెలుసు. అమ్మకి తెలియనివ్వడం లేదు.

ఇలాంటప్పుడు మీరు చేసిన ఘనకార్యం ఏమిటి? తాళం వేసుకుని కూర్చున్నారు! తప్పు అని తేలితే దిద్దుకోవాలి గాని పారిపోతారా? మీ దగ్గర "బాగా" అని టిక్కు పెట్టి వెళ్ళినవాళ్ళంతా ఇప్పుడు ఈ వానలో ఎక్కడున్నారు? తాళం వాళ్ళని ఆపుతుందా?

మేనకోడలు


జూలై 11

మిరపకాయ్,

పారిపోలేదమ్మా. చిన్నోడి గీత కోసం చూశాను. మూడు వారాలు దాటింది. కవరు అందిందని నువ్వు రాశావు, వాడు మాత్రం గీత గీయలేదు. అదే వాడి తీర్పు అనుకున్నాను. అందుకే తాళం వేశాను. ఇంకెందుకూ కాదు.

ఇప్పుడు వాడు తినడం లేదని రాశావు. నేను రాసినది వాణ్ణి ఇంకా కుంగదీసిందేమోనని మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకుంటున్నాను. అందులో ఏం రాశానో నువ్వు చదవకపోతే చదువు. ఏ మాట తప్పో చెప్పు.

మేడమ్ నిన్న నాతో ఒక పని చేయించింది. పాత విద్యార్థులు ముగ్గుర్ని పిలిచింది. ఇద్దరిని ముందు, నన్నూ ఇంకొకణ్ణీ వెనక కూర్చోబెట్టింది. "మీరు సార్ కాదు, వాళ్ళ స్నేహితుడు. ఊరికే ఒక రౌండు వెళ్ళిరండి" అంది. తడి రోడ్డు. కుర్రాడు వేగం పెంచాడు. పక్కవాడు ఏదో జోకు వేశాడు, అందరూ నవ్వుతున్నారు. కుడికాలు కిందకి తొక్కుతున్నాను. కింద ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా డ్రైవరు పక్కన కూర్చుంటున్నాను, నా కాలికింద నాకో బ్రేకు ఉంది. వెనక సీట్లో లేదు. నోరు తెరిచి "మెల్లగా పోనీ" అంటే చాలు. అనలేకపోయాను మిరపకాయ్. నవ్వులు చెడగొట్టినట్టవుతుందని, ముసలాడు జడిశాడంటారని, యాభై నాలుగేళ్ళవాణ్ణి నోరు మూసుకుని కూర్చున్నాను.

దిగాక కాలవ గట్టు మీద కూర్చుండిపోయాను. నాకే రాని మాట నేను ఎవరికీ ఎప్పుడూ నేర్పలేదు. అసలు అది నేర్పాల్సిన విషయమని కూడా తట్టలేదు.

ఆ రోజు కారులో పంతులు ఏమన్నాడో ఎవరైనా అడిగారా?

మావయ్య


జూలై 19

మావయ్యా,

కవరు నేను ఇవ్వలేదు.

నీ కవరు అందింది అని రాశాను, వాడికి ఇచ్చానని రాయలేదు. ప్రెస్సులో నా సొరుగులో ప్రూఫుల కింద పెట్టాను. నీ సంజాయిషీ వాడికి చేరకూడదనుకున్నాను. నువ్వు గీత కోసం మూడు వారాలు ఎదురుచూస్తూ ఉంటావని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఈ పాపం పూర్తిగా నాది.

నీ పదకొండో తారీకు ఉత్తరం అందగానే ప్రెస్సుకి పరిగెత్తి కవరు తెచ్చి వాడి చేతిలో పెట్టాను. చింపడానికే వాడికి ఎంతసేపు పట్టిందో. చదివాడు. కాగితం గుండె మీద పెట్టుకుని పడుకున్నాడు. నేను గదిలో బట్టలు మడతపెడుతున్నట్టు నటిస్తూ ఉన్నాను. ఆరు వారాలు విప్పని గొంతు, తుప్పు పట్టిన తలుపులా చప్పుడు చేసింది.

"వాడు చెప్పాడక్కా" అన్నాడు.

నీ ఉత్తరం తర్వాత చూపించాడు. రెండే వాక్యాలు రాశావు నువ్వు. "నీ స్నేహితుణ్ణి నేను చూడలేదు. వాడు ఎలాంటివాడో, ఎలా మాట్లాడేవాడో నాకు చెప్తావా?" సంజాయిషీ ఒక్క ముక్క లేదు. ఎంత వేగం, ఎన్నో గేరు, ఎందుకు తొక్కావు అని ప్రపంచమంతా వాణ్ణి అడిగింది. వాడి స్నేహితుడి గురించి నువ్వొక్కడివే అడిగావు. అది నేను ఇరవై రోజులు సొరుగులో పెట్టాను.

ఆ రోజు సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ముందు సీట్లో ఉన్నవాడు "ఏరా సర్టిఫికెట్టు హీరో, సబ్బునీళ్ళు చూపించవేంరా" అన్నాడట. వెనకవాడు చప్పట్లు. "సబ్బునీళ్ళు! సబ్బునీళ్ళు!" పంతులు మెల్లిగా అన్నాడట, "ఒరేయ్, మెల్లగా పోరా. నాకు భయంగా ఉంది." దానికి వీళ్ళు "పంతులు పాఠం మొదలెట్టాడ్రా" అని విరగబడి నవ్వారు.

"నేనూ నవ్వానక్కా. నాకూ భయమేసింది. వాడి మాటే వినాలనిపించింది. కానీ నవ్వాను."

కారు జారగానే నువ్వు నేర్పినట్టే తిప్పాడట. సరిగ్గానే తిప్పాడట. తర్వాత నన్ను పట్టుకుని ఒకే మాట, మళ్ళీ మళ్ళీ. "యార్డులో స్తంభం లేదక్కా."

ఇక రెండో పాపం. ఇది మొదటి ఉత్తరం రాసేటప్పుడే రాయాల్సింది. ఆ సర్టిఫికెట్టు మీద మాట నాది. రెండేళ్ళ కిందట నువ్వు "నా పిల్లలకి ఏదైనా మంచి మాట రాసిపెట్టవే" అంటే మధ్యాహ్నం భోజనం మానేసి రాశాను. "ఈ చెయ్యి ఏ వానకీ జారదు." ఎంత గొప్పగా వచ్చిందోనని నాలుగుసార్లు పైకి చదువుకున్నాను. బంగారు అంచు పెట్టిందీ నేనే. సబ్బునీళ్ళు నువ్వు పోశావు, ఆ మాట పోసింది నేను. నిన్ను హంతకుడా అని తిట్టిన రోజు పొద్దున్నే ఆ అక్షరాల కింద కూర్చుని రాశాను, అవి నావని తెలిసే. నువ్వు "నేనేమీ అనను" అన్నావు చూడు, ఆ లైను చదివి కాగితం నలిపి పారేశాను. మళ్ళీ ఏరి తెచ్చుకున్నాను.

నిన్న రాత్రి భోజనంలో చిన్నోడు నాలుగు ముద్దలు తిన్నాడు. ఇవాళ మళ్ళీ వద్దన్నాడు. వాడు బతుకుతాడని ఇంకా చెప్పలేను.

ఈ కాగితం కింద ఒక గీత ఉంది చూడు. పెన్సిలుతో. వంకరగా. వాడిదే.

నీ మిరపకాయ్


జూలై 23

మిరపకాయ్,

గీత చూశాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను.

ఆ మాట నీదని నాకెందుకు తెలీదు? నువ్వు పంపిన రోజు యార్డులో పదిమందిని నిలబెట్టి చదివి వినిపించాను, "మా మేనకోడలు రాసింది" అని. రాసింది నువ్వు, పంచింది నేను. చెరిసగం. ఇంక దాని గురించి ఏడవకు, పని ఉంది.

మేడమూ నేనూ కలిసి యార్డు తెరిచాం. సబ్బునీళ్ళు లేవు. సిమెంటు మీద గోదాముల మలుపు కొలతలతోనే మలుపు గీశాను. స్తంభం చోట ఒక అట్టపెట్టె పెట్టాను. ఒక్కొక్క కారులో నలుగురు. నడిపేవాడు కనిపించినదంతా పైకి చెబుతూ నడపాలి. "ముందు నీళ్ళు ఉన్నాయి, పక్కన సైకిలు ఉంది, కాలు తీస్తున్నాను" అని. చెబుతూ ఉంటే వేగం దానంతటదే తగ్గుతోంది, వింతగా. వెనకవాడు "మెల్లగా పోరా, నాకు భయంగా ఉంది" అనాలి. గట్టిగా, ఇంకేమీ కలపకుండా. నడిపేవాడు "సరే" అని కాలు తియ్యాలి. బండి ఎక్కకముందే ప్రతివాడూ కాగితం మీద రాసుకోవాలి: "వాళ్ళు తొక్కమంటే నేను ఫలానా మాట అంటాను." ముందే అనుకుని పెట్టుకుంటే ఆ నిమిషంలో వెతుక్కోనక్కర్లేదట.

తేలికేం కాదమ్మా. సోమవారం ఆరుగురు వచ్చారు. మొదటివాడు నవ్వేశాడు. రెండోవాడు జోకులా అన్నాడు. మూడోవాడు, గేదెంత ఉంటాడు, నోరు తెరిచి మూసి తెరిచి చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పదోసారికి అందరికీ వచ్చింది.

కానీ ఆరుగురే. ఆ సర్టిఫికెట్టు పట్టుకుని వెళ్ళినవాళ్ళు రెండొందల మంది పైనే. బయట వాన ఆగడం లేదు. ఎక్కడ కారు తిరగబడిందని విన్నా, వాడి గోడ మీద మన బంగారు అంచు ఉందా అని ఆరా తీస్తున్నాను. నిన్న ఒకడు ఫోన్లో నవ్వి, "నాకు వచ్చు కదా సార్, మళ్ళీ ఎందుకు?" అన్నాడు. నాకు మాటలు రాలేదు. నీకు వస్తాయి. ఒక కరపత్రం వెయ్యి. అందరి చిరునామాలూ నా దగ్గర ఉన్నాయి. ఆశ్చర్యార్థకాలు మాత్రం వద్దు.

చిన్నోడు వస్తే వెనక సీట్లో కూర్చోమంటాను. రమ్మని అడగను. చెప్పు చాలు.

గడప ఇప్పుడైనా తొక్కనిస్తావా? అక్క తిట్లు నేరుగా వినాలని ఉంది.

మావయ్య


జూలై 28

మావయ్యా,

రా. అమ్మ తిట్లు వరసగా పేర్చిపెట్టుకుని ఉంది.

చిన్నోడికి చెప్పాను. కారు చప్పుడు వింటేనే దుప్పటి పట్టుకుంటాడు, మీ ఊరు దాకా మూడు గంటలు కారులో ఎలా వస్తాడు అనుకున్నాను. నిన్న పొద్దున్న గోడ మీంచి సర్టిఫికెట్టు వాడే తీశాడు. చంక కింద కర్ర పెట్టుకుని, పడబోయి, నన్ను దగ్గరికి రానివ్వకుండా తీశాడు. "వస్తాను. నువ్వు నా పక్కన కూర్చో. డ్రైవరుకి ఆ మాట నేను చెప్పాలి" అన్నాడు. వస్తాడో, గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతాడో నాకు తెలీదు. నేను పందెం కట్టను. పక్కన కూర్చుంటాను.

కరపత్రం అచ్చుకిచ్చే ముందు టైలర్ గారి షాపుకి తీసుకెళ్ళాను. ఈసారి అడగకుండా వెయ్యదలచుకోలేదు. మిషను ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదివారు. కొడుకు మాట దగ్గర వేలు ఆగిపోయింది. ఆయనకి ఆ మాట ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు మావయ్యా. వాడేమన్నాడో ఆయనకి తెలీదు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. తిట్టినా, చింపేసినా తలవంచుకుని వచ్చేద్దామనుకున్నాను.

కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. "ఎన్నింటికి?" అని అడిగారు.

అప్పుడు చూసుకున్నాను, టైము వెయ్యడం మర్చిపోయానని. అక్కడే, ఆయన సుద్దముక్కతో రాశాను. కింద ఉన్నది చివరి ప్రూఫు. ఇవాళ రెండొందల ముప్పై కవర్లలో పెడుతున్నాను.

నీ మిరపకాయ్

*

ఈ కవరులో మీకిది అందిందంటే, మీ ఇంట్లో బంగారు అంచు సర్టిఫికెట్టు ఒకటి ఉంది. దాని మీద రాసింది అబద్ధం. రాసినదాన్ని నేను. ఇచ్చింది మా మావయ్య, మీ డ్రైవింగు సారు. వానలో ఏ చెయ్యయినా జారుతుంది. మాదీ జారింది.

మే ముప్పయ్యో తారీకు సాయంత్రం ఒక కారు వెనక సీట్లోంచి ఒకడు, "ఒరేయ్, మెల్లగా పోరా. నాకు భయంగా ఉంది" అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. నడిపేవాడికీ భయమేసింది. వాడూ నవ్వాడు. ఆ మాట అన్నవాడు లేడు.

ఆ నలుగురిలో అందరికంటే ధైర్యవంతుడు వాడే. వాడి మాట నేర్చుకోవడానికి రండి. సర్టిఫికెట్టు తెచ్చి ఇచ్చెయ్యండి. ఒంటరిగా రాకండి, మీ బండి ఎక్కేవాళ్ళని తీసుకురండి. వెనక సీట్లో కూర్చుని ఆ మాట పైకి అనాలి. స్టీరింగు ముందు కూర్చుని సరే అనాలి. నోరు తిరిగేదాకా, కాలు వినేదాకా. వాళ్ళ నాన్న వస్తున్నారు. నడిపినవాడు వస్తానన్నాడు.

ఆగస్టు మూడు, ఆదివారం. మీరు నేర్చుకున్న యార్డులోనే. ఉదయం ఏడు గంటలకి. వాన పడుతుంటే మెల్లగా రండి, ఆగుతాం.